కారులో లోపం ఉంటే కంపెనీ ఖర్చుతోనే బాగు చేయించుకోవడం ఎలా? బెంగళూరు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

"కారు ఇంకా వారంటీలోనే ఉంది, అయినా డబ్బు కట్టమంటున్నారు." "ఎన్నిసార్లు సర్వీస్‌కి ఇచ్చినా అదే సమస్య మళ్లీ వస్తోంది." "ఏపీ నంబరు బండి, బెంగళూరులో వారంటీ పనిచేస్తుందా?" పాఠకులు తిప్పితిప్పి అడిగేవి ఈ మూడే. అందుకే లోపం కనిపించిన రోజు నుంచి కన్స్యూమర్ కమిషన్ (వినియోగదారుల కోర్టు) దాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఒకేచోట రాస్తున్నాను.

చాలామంది ఓడిపోయేది కారులో లోపం లేక కాదు, లోపం ఉందని చూపించే కాగితం లేక. సర్వీస్ సెంటర్‌లో ఎంత గట్టిగా అరిచినా అది రికార్డులోకి ఎక్కదు. జాబ్ కార్డ్ (కారు ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదు, చేయాల్సిన పని రాసే సర్వీస్ సెంటర్ కాగితం) మీద పడ్డ ఒక్క వాక్యం ఎక్కుతుంది. కింద చెప్పే పనుల్లో సగానికి పైగా ఆ వాక్యం కోసమే.

## 1. ముందు తేల్చుకోండి: ఈ ఖర్చు ఎవరిది?

కారుతో పాటు ఇచ్చిన వారంటీ బుక్‌లెట్ తీయండి. అది పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేరు మీద దొరుకుతుంది. మొత్తం చదవక్కర్లేదు. ఏవి కవర్ అవుతాయి, ఏవి కావు, ఓనరు ఏమేం పాటించాలి అన్న మూడు భాగాలు చాలు.

- కంపెనీ వారంటీ: భాగం తయారీలోనో, బిగించడంలోనో లోపం ఉంటే. ఇంజిన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, ఎలక్ట్రికల్ మాడ్యూళ్లు, ఏసీ కంప్రెసర్ లాంటివి మామూలుగా ఇందులోకే వస్తాయి.
- అరుగుదల: బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ బ్లేడ్లు, బల్బులు. ఇవి సాధారణంగా మీ ఖర్చే. అయితే కొత్త కారులో క్లచ్ ప్లేటు మరీ తొందరగా పోయిందంటే కారణం అడగాల్సిందే.
- టైర్లు, 12 వోల్టుల బ్యాటరీ: వీటికి చాలావరకు వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ విడిగా ఉంటుంది. కార్డు కారు కాగితాల్లోనే ఎక్కడో ఉంటుంది, వెతకండి.
- ఇన్సూరెన్స్: యాక్సిడెంట్, వరద నీరు, ఎలుకలు కొరికిన వైర్లు వారంటీలోకి రావు. బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు వర్షం పడిన రాత్రి నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. స్టార్ట్ చేస్తే నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు వారంటీ రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే ఇన్సూరెన్స్ కూడా చిక్కే.
- ఎలక్ట్రిక్ కారు: డ్రైవింగ్ బ్యాటరీకి, మిగతా బండికి గడువులు వేరు. రెండూ రాసిపెట్టుకోండి.

వారంటీ గడువు కిలోమీటర్లు, సంవత్సరాలు రెండింటి మీదా ఉంటే, ఏది ముందు వస్తే అది. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నవాళ్లు అది కారు కంపెనీదా, డీలర్ అమ్మిన వేరే సంస్థదా చూసుకోండి. ఫిర్యాదు ఎవరికి పంపాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఏపీ, తెలంగాణ రిజిస్ట్రేషన్ గురించి. కంపెనీ వారంటీ కారుకి ఇచ్చింది, నంబరు ప్లేటుకి కాదు. అనంతపురంలోనో హైదరాబాద్‌లోనో కొన్న కారుకి బెంగళూరులోని అదే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో వారంటీ పని చేయాలి. "కొన్నచోటికే వెళ్లండి" అంటే ఆ మాట మెయిల్‌లో రాసి పంపమని అడగండి. రాసిచ్చేవాళ్లు అరుదు.

## 2. సర్వీస్ సెంటర్‌కి వెళ్లకముందే సాక్ష్యం సిద్ధం చేయండి

ఎర్ర లైటు వెలిగిందా, టెంపరేచర్ ముల్లు పైకి పోయిందా, ఆయిల్ లైటు వచ్చిందా? అక్కడే ఆపండి. నడుపుకుంటూ వెళితే ఆ తర్వాత జరిగిన నష్టం మీ నిర్లక్ష్యం కిందికి పోతుంది. కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరుకి ఫోన్ చేసి, బండి లాగించి పంపండి. వాళ్లిచ్చే టికెట్ నంబరు కూడా సాక్ష్యమే. పసుపు లైటు అయితే మెల్లగా వెళ్లొచ్చు, వాయిదా మాత్రం వేయొద్దు.

సమస్య అప్పుడప్పుడే వచ్చేదైతే వర్క్‌షాప్‌కి వెళ్లేసరికి మాయమవుతుంది. అందుకే పక్క సీట్లో ఉన్నవాళ్లతో వీడియో తీయించండి. నడిపేవాళ్లు తీయొద్దు. వీడియోలో స్పీడోమీటర్, వార్నింగ్ లైటు, ఓడోమీటర్ కనిపించాలి, శబ్దం వినిపించాలి. ఒరిజినల్ ఫైలు ఫోన్‌లోనే ఉంచి, ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్‌లో వెళ్లిన కాపీ నాణ్యత తగ్గుతుంది.

ఫోన్ నోట్స్‌లో ప్రతిసారీ ఇవి రాసుకోండి:

- తేదీ, ఓడోమీటర్ రీడింగ్
- ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కాక వచ్చిందా
- వేగం, గేరు, ఎత్తు ఎక్కుతోందా దిగుతోందా
- ఏసీ ఆన్‌లో ఉందా, ఎంతమంది ఉన్నారు
- ఎంతసేపు నడిపాక వచ్చింది, ఎలా పోయింది
- చివరిసారి పెట్రోలో డీజిలో ఏ బంకులో కొట్టించారు (బిల్లు ఫొటో)

కారుకి తగిలిస్తే లోపం కోడ్ చూపించే స్కానర్ ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. కోడ్ చదవండి, స్క్రీన్ ఫొటో తీసుకోండి, కానీ చెరిపేయకండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎన్ని తిరుగుళ్లలో ఉంది, వేడి ఎంత, వేగం ఎంత అన్న వివరాలు కోడ్‌తో పాటే కారు కంప్యూటర్‌లో నిల్వ ఉంటాయి. కోడ్ చెరిపితే అవీ పోతాయి. మీ పక్షాన మాట్లాడే సాక్షిని మీరే పంపించేసినట్టు అవుతుంది.

ఈ దశలో బయట మెకానిక్‌తో ఏదీ విప్పించకండి. అభిప్రాయం అడగొచ్చు, స్పానర్ మాత్రం పెట్టనివ్వొద్దు.

## 3. జాబ్ కార్డ్: ఇక్కడే గెలుపోటములు

ఉదయం వైట్‌ఫీల్డ్‌లోనో, హోసూరు రోడ్డులోనో ఏ వర్క్‌షాప్ రిసెప్షన్ చూసినా ఒకటే హడావిడి. సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్ పట్టుకొని కారు చుట్టూ తిరుగుతూ గీతలు రాసుకుంటాడు. మీరు సమస్యంతా విడమరిచి చెబుతారు. తెలుగతను అయితే ఇంకా హాయిగా చెబుతారు. అతను తలూపి, ఇంగ్లిష్‌లో "జనరల్ చెకప్" అని కొట్టి, సంతకమో ఓటీపీనో అడుగుతాడు. మీరు క్యాబ్ ఎక్కి ఆఫీసుకి పోతారు. చెప్పినదంతా గాల్లో కలిసిపోయింది.

కె.ఆర్.పురంలో ఉండే మా బావమరిది ఆటోమేటిక్ కారు సంగతి ఇలాగే అయింది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కాసేపు పాకాక రెండో గేరుకి మారేటప్పుడు కుదుపు వచ్చేది. వెళ్లిన ప్రతిసారీ చెప్పాడు. తీరా వారంటీ ముగిసే ముందు పాత జాబ్ కార్డులు తీసి చూస్తే ఒకదాంట్లో "జనరల్ చెకప్", ఇంకోదాంట్లో "ఏసీ చెక్, వాషింగ్" అని ఉంది. గేరు అన్న మాటే ఎక్కడా లేదు. "ఈ సమస్య మీద ఇంతకుముందు ఫిర్యాదే లేదు" అని కంపెనీ మెయిల్ పెట్టింది. అప్పట్లో అడ్వైజర్‌కి వాట్సాప్‌లో పంపిన వీడియోలు, వాటి తేదీలు వరసగా పెట్టి జవాబు రాశాకే ఫైలు కదిలింది.

కాబట్టి సంతకానికీ ఓటీపీకీ ముందు "కస్టమర్ కంప్లైంట్" గడి చదవండి. రాసే తీరు కూడా ముఖ్యం. లక్షణం చెప్పండి, రోగం పేరు మీరు పెట్టకండి.

ఇలా వద్దు: "గేర్‌బాక్స్ పోయింది, క్లచ్ చూడండి."

ఇలా రాయించండి: "ట్రాఫిక్‌లో అరగంట నడిచాక, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, 1 నుంచి 2వ గేరుకి మారేటప్పుడు కుదుపు. వేగం 15 నుంచి 20. ఏసీ ఆన్. చల్లగా ఉన్నప్పుడు రాదు. ఇదే సమస్యకు ఇది మళ్లీ రావడం. వీడియో పంపాను."

మీరే "క్లచ్" అన్నారనుకోండి. వాళ్లు క్లచ్ మార్చి, అది అరిగే వస్తువు అని బిల్లు మీ చేతిలో పెడతారు. అసలు లోపం గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌లో ఉంటే అది అలాగే ఉండిపోతుంది.

అడ్వైజర్ "సిస్టమ్‌లో అంత పొడుగు పట్టదు" అంటే గొడవొద్దు. అక్కడే నిలబడి, అదే పేరా అతనికి, సర్వీస్ మేనేజర్‌కి మెయిల్ చేయండి. సబ్జెక్ట్‌లో జాబ్ కార్డ్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మెయిల్ వెళ్లిన క్షణం నుంచి అదీ రికార్డే.

బండి ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినవి:

- జాబ్ కార్డ్ కాపీ, అందులో తేదీ, కిలోమీటర్లు, మీ ఫిర్యాదు
- "ఇదే సమస్య మళ్లీ వచ్చింది" అన్న మాట (రెండోసారి నుంచి)
- విప్పి చూడటానికి డబ్బు అడిగితే, వారంటీ అని తేలితే వెనక్కి ఇస్తారని రాతలో
- ఎస్టిమేట్ మీద మీ అనుమతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టొద్దన్న వాక్యం
- పెట్రోలు స్థాయి, ఓడోమీటర్ ఫొటో

## 4. తనిఖీ రోజు, తిరిగి తీసుకునే రోజు

"మేం చూశాం, ఏ ప్రాబ్లమూ రాలేదు" అనేది అన్నిటికంటే ఎక్కువగా వినిపించే జవాబు. వర్క్‌షాప్ చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పితే వేడెక్కాక వచ్చే సమస్య ఎలా కనిపిస్తుంది? టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, సమస్య వచ్చే రోడ్డులో, వచ్చే సమయంలోనే రోడ్ టెస్ట్ అడగండి. ట్రాఫిక్‌లో వచ్చేదైతే సాయంత్రం వేళ. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చేదైతే ఫ్లైఓవర్ దాకా తీసుకెళ్లండి. రాత్రి చలికి ఉదయం స్టార్టింగ్‌లో వచ్చేదైతే బండి ముందురోజే అక్కడ వదిలి, పొద్దున మీ ఎదుటే స్టార్ట్ చేయించండి.

"ఈ మోడల్ అంతే సార్, దీని నేచరే అది" అన్నారా? అయితే అదే మోడల్ డెమో కారుని అదే రోడ్డులో నడిపి చూపించమనండి. తేడా ఉంటే దాన్ని జాబ్ కార్డ్‌లో రాయించండి. కారులో ఎవరు ఉన్నారో, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారో కూడా. ఈ ఒక్క పరీక్ష చాలా వాదనలకి అడ్డుకట్ట వేస్తుంది.

కారు తిరిగి తీసుకునేటప్పుడు:

- వారంటీ పని అయినా, రూపాయి కట్టకపోయినా ఇన్వాయిస్ తీసుకోండి. మార్చిన భాగం పేరు, పార్ట్ నంబరు అందులో ఉంటాయి.
- ఏమీ దొరకలేదంటే "తనిఖీలో లోపం కనబడలేదు" అని అదే రాతలో తీసుకోండి. తర్వాత సమస్య మళ్లీ వస్తే ఈ కాగితమే మీకు పనికొస్తుంది.
- స్కానర్ రిపోర్టు ప్రింట్ అడగండి.
- వారంటీలో మార్చిన పాత భాగాన్ని మామూలుగా కంపెనీయే ఉంచుకుంటుంది, కాబట్టి ఫొటో తీసుకోండి. మీరు డబ్బు కట్టి మార్పించినదైతే పాతది అడిగి తెచ్చుకోండి.
- "సంతృప్తిగా ఉంది" అన్నచోట సంతకం నడిపి చూశాకే. తొందరపెడితే "రోడ్డు మీద నడిపి చూడాల్సి ఉంది" అని పక్కన రాసి సంతకం చేయండి.

బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతి. ఆ మాట మర్యాదగా గుర్తు చేస్తే చాలు, సాధారణంగా ప్రింటర్ పనిచేస్తుంది.

బండి రోజుల తరబడి అక్కడే ఉంటే మారు కారు అడగండి. ఇవ్వకపోతే క్యాబ్ బిల్లులు దాచండి, తర్వాత నష్టపరిహారంలో చూపొచ్చు.

## 5. "వారంటీ కుదరదు" అన్నప్పుడు

మొదటి పని: కారణం రాతలో తీసుకోవడం. ఏ భాగం, ఏ కారణం, బుక్‌లెట్‌లో ఏ నిబంధన. ఫోన్‌లో చెబితే, విన్నది విన్నట్టు మెయిల్ రాసి "మీరు ఇలా చెప్పారు, తప్పయితే సరిచేయండి" అని పంపండి.

సర్వీస్ ఆలస్యమైంది. బెంగళూరులో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఇదే పెద్ద దెబ్బ. "కారు నడపనే లేదు కదా" అని సర్వీస్ మానేస్తారు. కానీ సర్వీస్ గడువు నెలల లెక్కన కూడా ఉంటుంది. ఇప్పటికే ఆలస్యమైతే అడగాల్సిన ప్రశ్న: ఆలస్యానికీ, చెడిపోయిన భాగానికీ సంబంధం ఏమిటి? ఇంజిన్ ఆయిల్ ఆలస్యంగా మార్చితే టర్బో పాడవడానికి లింకు ఉంది. పవర్ విండో స్విచ్ చెడిపోవడానికి లేదు. ఆ సంబంధం రాసి చూపమనండి.

బయట ఫిట్టింగ్ చేయించారు. వైరు కోసి పెట్టిన హారన్లు, లైట్లు, బయట సీఎన్‌జీ కిట్, ఇంజిన్ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం). వీటిలో ఎలక్ట్రికల్‌కి, ఇంజిన్‌కి నిజంగానే ప్రమాదం ఉంది, ఆ భాగాల మీద వారంటీ దక్కడం కష్టం. సీటు కవర్లు వేయించారని సస్పెన్షన్ వారంటీ కాదంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇంధనం కల్తీ. బంకు బిల్లులు ఇక్కడే అక్కరకొస్తాయి. నమూనా ఎవరి ఎదుట తీశారు, ఎక్కడ పరీక్ష చేయించారు, రిపోర్టు ఏది అని అడగండి. రిపోర్టు లేకుండా "కల్తీ" అంటే అది కేవలం అభిప్రాయం.

అరుగుదల. ఎన్ని కిలోమీటర్లకి అరిగిందో, మాన్యువల్‌లో ఎప్పుడు మార్చాలని ఉందో పక్కపక్కన పెట్టి చూపండి.

కారు లేకపోతే గడవదు, డబ్బు కట్టక తప్పదు అనుకుంటే ముందే మెయిల్ పెట్టండి: "ఈ మొత్తాన్ని అభ్యంతరంతో కడుతున్నాను, వారంటీ కింద తిరిగి అడిగే హక్కు వదులుకోవడం లేదు." ఇన్వాయిస్ మీద కూడా అదే రాసి సంతకం చేయండి. నోరు మూసుకుని కడితే ఒప్పుకున్నట్టే చూస్తారు.

ఈఎంఐ మాత్రం ఆపకండి. గొడవ కంపెనీతో, అప్పు బ్యాంకుది. ఆపితే సిబిల్ స్కోరు పడిపోవడం తప్ప కంపెనీకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

## 6. డీలర్‌ని దాటి కంపెనీ దాకా

వర్క్‌షాప్ నడిపేది డీలర్. వారంటీ డబ్బు ఇచ్చేది కంపెనీ. చాలాసార్లు డీలర్ "కంపెనీ అప్రూవల్ రాలేదు" అంటాడు, కంపెనీకేమో క్లెయిమే వెళ్లి ఉండదు. అందుకే వరస తప్పకండి: సర్వీస్ అడ్వైజర్, సర్వీస్ మేనేజర్, డీలర్ జనరల్ మేనేజర్, ఆ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్, కంపెనీ తరఫున ఆ ప్రాంతం చూసే ఏరియా సర్వీస్ మేనేజర్.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు తీసుకోండి, వెంటనే మెయిల్ పెట్టండి. మెయిల్ కోపంగా కాదు, పొట్టిగా ఉండాలి. నమూనా ఇది:

> విషయం: వారంటీ ఫిర్యాదు, ఛాసిస్ నంబరు ..., రిజిస్ట్రేషన్ నంబరు ...
>
> కారు కొన్న తేదీ ... ఇప్పటి కిలోమీటర్లు ... అన్ని సర్వీసులూ అధీకృత కేంద్రంలోనే చేయించాను.
>
> సమస్య: (లక్షణం రెండు వాక్యాల్లో)
>
> ఈ సమస్యకు కారు ఇచ్చిన తేదీలు, జాబ్ కార్డ్ నంబర్లు, ప్రతిసారీ చేసిన పని: (వరసగా)
>
> సమస్య ఇంకా అలాగే ఉంది. కింది మూడూ కోరుతున్నాను:
> 1. కంపెనీ ఇంజనీరు సమక్షంలో ఉమ్మడి తనిఖీ, దాని రాత నివేదిక.
> 2. లోపమున్న భాగాన్ని వారంటీ కింద ఉచితంగా మార్చడం.
> 3. నిరాకరిస్తే నిబంధన పేర్కొంటూ రాతపూర్వక కారణం.
>
> 10 రోజుల్లో జవాబు కోరుతున్నాను.

ఛాసిస్ నంబరు అంటే ఆర్‌సీ మీద ఉండే 17 అక్షరాల నంబరు. కంపెనీ మీ కారు చరిత్ర అంతా చూసేది దానితోనే. "నా ఛాసిస్ నంబరు మీద పెండింగ్ సర్వీస్ క్యాంపెయిన్ ఉందా?" అని తప్పకుండా అడగండి. తెలిసిన లోపాలకు కంపెనీలు వర్క్‌షాప్‌లకు సూచనలు పంపుతుంటాయి, అడగనివాళ్లకి అందరూ చెప్పరు.

ఐటీ ఉద్యోగులకు ఒక మాట. కంపెనీ లీజు మీద తీసుకున్న కారైతే ఆర్‌సీ లీజు సంస్థ పేరునో, మీ ఆఫీసు పేరునో ఉంటుంది. ఫిర్యాదులు, తనిఖీ, కేసు అన్నీ మీరు నడపడానికి వాళ్ల నుంచి అధికార పత్రం మొదట్లోనే తెచ్చుకోండి. ఉద్యోగం మారేటప్పుడు ఈ కాగితం కోసం తిరగడం నరకం.

## 7. వారంటీ దాటిపోయిందా? గుడ్‌విల్ అడగండి

గడువు దాటిన కొద్ది రోజులకో, కొద్ది వేల కిలోమీటర్లకో పెద్ద భాగం పోతే కంపెనీలు మర్యాదపూర్వకంగా కొంత ఖర్చు భరించడం ఉంది. దీన్ని గుడ్‌విల్ అంటారు. ఇది హక్కు కాదు, అడిగే తీరు మీద ఉంటుంది. సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే చేయించి ఉండటం, లోపం వారంటీలో ఉండగానే మొదలైందని చూపే జాబ్ కార్డ్, అదే కంపెనీ కారు అంతకుముందు కూడా కొని ఉండటం బలం ఇస్తాయి.

పూర్తి ఉచితం అడగండి. కుదరకపోతే భాగాల ఖర్చు వాళ్లది, లేబర్ మీది అన్న మధ్యేమార్గం పెట్టండి. రిపేరు మొదలుకాకముందే అడగాలి. బిల్లు కట్టాక గుడ్‌విల్ రావడం కష్టం.

లోపం వారంటీలోనే నమోదై, బాగుపడకుండా ఉండగా గడువు దాటితే మాత్రం గుడ్‌విల్ ఊసెత్తకండి. అది వారంటీ క్లెయిమే, అలాగే రాయండి.

## 8. ప్రాణం మీదికి వచ్చే లోపమైతే: రీకాల్ దారి

బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు, ఇంధనం కారడం, నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోవడం. ఇలాంటివాటికి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 110ఏ సెక్షన్ వచ్చింది. దాని కింద రీకాల్ (లోపమున్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగు చేయడం) నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారై 7 ఏళ్లు దాటని వాహనాలకు వర్తిస్తాయి. కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో ఓనర్లు ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఒకే మోడల్ మీద ఫిర్యాదులు నిర్దేశించిన శాతం దాటితే విచారణ, ఆపై రీకాల్ దాకా వెళుతుంది. అంటే మీ ఒక్కరి ఫిర్యాదుతో మీ కారు రేపే బాగుపడదు. కానీ అదే లోపంతో మీ వెనక వచ్చే కుటుంబం కోసం అయినా నమోదు చేయండి.

రీకాల్ ప్రకటిస్తే ఆ పని ఉచితం, వారంటీ అయిపోయిందా లేదా అన్నది అడ్డురాదు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లకి కంపెనీ లెటర్లు పాత ఓనరు చిరునామాకే వెళతాయి. కాబట్టి కంపెనీ సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి మీరే చూసుకోండి.

## 9. 1915, ఆ తర్వాత లీగల్ నోటీసు

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. యాప్, వెబ్‌సైట్ కూడా ఉన్నాయి. వీళ్లు ఆదేశం ఇవ్వలేరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. డీలర్ స్థాయిలో తొక్కిపెట్టిన ఫైలు ఇక్కడ కదిలే అవకాశం బాగానే ఉంది, ఖర్చు లేదు, కాబట్టి ఈ మెట్టు వదలొద్దు.

అయినా కదలకపోతే లీగల్ నోటీసు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి ఒకటి, డీలర్‌కి ఒకటి. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదు, డెలివరీ రిపోర్టు దాచండి. మామూలుగా 15 రోజులో 30 రోజులో గడువు ఇస్తారు.

ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి. కమిషన్‌కి వెళ్లడానికి, వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి 2 ఏళ్లే గడువు. "చూస్తున్నాం సార్, హెడ్డాఫీసులో ఉంది" అనే మెయిళ్లు ఆ గడియారాన్ని ఆపవు. మొదటి రాతపూర్వక నిరాకరణ తేదీని క్యాలెండర్‌లో పెట్టుకోండి.

## 10. కన్స్యూమర్ కమిషన్‌లో కేసు

ఎక్కడ? 2019 చట్టం ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే చోటే వేయొచ్చు. కారు తిరుపతిలో కొన్నా, మీరు మారతహళ్లిలో ఉంటే బెంగళూరు అర్బన్ జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. నివాసానికి రెంటల్ అగ్రిమెంటు, కరెంటు బిల్లు లాంటి రుజువు పెట్టండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఫిర్యాదు ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో ఉండాలి. తెలుగులో ఉన్న వాట్సాప్ చాట్‌లు పెడితే అనువాదం జత చేయండి.

ఏ స్థాయి, ఎంత ఫీజు? మీరు చెల్లించిన ధరనుబట్టి లెక్క, అడిగే పరిహారాన్నిబట్టి కాదు. 50 లక్షల వరకు జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. ఫీజు 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1000. లాయరు తప్పనిసరి కాదు. అయితే తయారీ లోపం కేసుల్లో నిపుణుల నివేదికలు, వాటి మీద వాదనలు ఉంటాయి కాబట్టి పెద్ద మొత్తమైతే లాయరుని పెట్టుకోమనే నా సలహా.

ఎవరి మీద? కంపెనీ, డీలర్ ఇద్దరి మీదా. ఎవరు ఏ తప్పు చేశారో విడివిడిగా రాయండి. డీలర్ సొంతంగా చేసిన తప్పుకి కంపెనీని ఆటోమేటిక్‌గా బాధ్యుల్ని చేయలేమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. గుంపుగా తిడితే ఇద్దరూ తప్పించుకుంటారు.

ఏం అడగాలి? ఇక్కడే చాలామంది ఆశకి పోతారు. చిన్న భాగం చెడిపోయిందని కొత్త కారు అడుగుతారు. భాగం మారిస్తే సరిపోయే చోట మొత్తం కారు మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. కోరికల్ని మెట్లుగా రాయండి: లోపం ఉచితంగా సరిచేయాలి, అది వీలుకాని లోపమని నిపుణుడు తేలిస్తే కారు మార్చాలి లేదా డబ్బు తిరిగివ్వాలి, వీటితో పాటు మీరు కట్టిన బిల్లులు, క్యాబ్ ఖర్చులు, కేసు ఖర్చులు.

రుజువు ఎలా? లోపం మామూలు చూపుకి తెలియనిదైతే ప్రయోగశాల లేదా నిపుణుడి పరీక్షకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద కమిషన్‌కి ఉంది. ఫీజు మీరు ముందు డిపాజిట్ చేయాల్సి రావచ్చు. దానికోసం దరఖాస్తు మొదట్లోనే వేయండి. ఆలోగా కారుని బయట బాగు చేయిస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు. భద్రత విషయాల్లో కోర్టులు కొనుగోలుదారు వైపు ఆలోచించిన సందర్భాలున్నాయి. 2022లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో, ఢీకొన్న వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని సుప్రీంకోర్టు అంది.

దాఖలు చేసే ఫైలులో:

- కొన్న ఇన్వాయిస్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, వారంటీ బుక్‌లెట్
- అన్ని జాబ్ కార్డులు, ఇన్వాయిస్‌లు తేదీల వరసలో, ముందు ఒక పేజీ పట్టిక
- మెయిళ్లు, 1915 ఫిర్యాదు నంబరు, నోటీసు, పోస్టల్ రసీదులు
- వీడియోలు, వాటికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్
- ఖర్చుల బిల్లులు, అఫిడవిట్

చట్టంలో 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని ఉంది. నిజంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, దానికి మనసు సిద్ధం చేసుకోండి. కేసు నడుస్తుండగా కారు అమ్మొద్దు. అమ్మితే లోపాన్ని పరీక్షించడానికి బండే ఉండదు, మీరింకా వినియోగదారేనా అన్న ప్రశ్న కూడా లేస్తుంది.

## 11. రాజీకి వస్తే

నోటీసు అందాకో, మొదటి వాయిదా ముందో కంపెనీ నుంచి ఫోన్ రావడం మామూలే. రావడం మంచిదే, మాట్లాడండి. కానీ ఫోన్‌లో ఒప్పుకోకండి, ప్రతిపాదన మెయిల్‌లో అడగండి. సంతకం పెట్టే ముందు చూడాల్సినవి:

- ఏ భాగం మారుస్తారు, కొత్తదా, బాగు చేసినదా
- మార్చిన భాగానికి వారంటీ ఎంతకాలం, ఎన్ని కిలోమీటర్లు
- పని పూర్తయ్యే తేదీ, అప్పటిదాకా మారు కారు
- అదే సమస్య మళ్లీ వస్తే ఏం చేస్తారు
- "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఈ ఒక్క లోపానికేనా, కారు మొత్తానికా

కారు మొత్తానికి అని ఉంటే ఆ వాక్యం మార్పించండి. మారిస్తేనే సంతకం. కమిషన్‌లో కేసు ఉంటే రాజీ పత్రాన్ని అక్కడే దాఖలు చేసి, దాని మీద ఉత్తర్వు తీసుకున్నాకే కేసు ముగించండి. డబ్బు ఖాతాలో పడకముందే, బండి నడిపి చూడకముందే ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటే తీసుకోకండి.